సున్నా అని రాసుకుపోయిన గల్లీ

‘గాలిలో వాటా’ నవల – పదకొండో వారం

పోయిన వారం రేడియో స్టేషన్ మెట్లు దిగుతున్న జమున ముఖం చూసి గేటు దగ్గరి వాచ్‌మన్ తన కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. అంత కోపంలో ఉంది ఆ మనిషి. ఎందుకో గుర్తున్నవారు ఈ కాస్తా దాటేయవచ్చు. కొత్తగా వచ్చినవారి కోసం చెబుతున్నాను.

‘దేశవాణి’ అనే ప్రభుత్వ రేడియో సంస్థకు సూరత్‌లో ఒక చిన్న కేంద్రం ఉంది. అందులో జమున కాంట్రాక్టు అనౌన్సర్. పవర్‌లూముల పనికి సూరత్ వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ కోసం ఆదివారం మధ్యాహ్నం అరగంట సేపు వచ్చే కార్యక్రమం ‘మగ్గం ముచ్చట’ ఆమెది. ఎవరింట్లో పెళ్ళి, ఎవరి ఊరికి బస్సు, ఏ కార్ఖానాలో ఎవరి చెయ్యి నలిగింది, ఈసారి బతుకమ్మ ఏ మైదానంలో ఆడాలి, అన్నీ ఆ అరగంటలోనే. ముంబై జోనల్ ఆఫీసు నుంచి వచ్చిన వరప్రసాద్ అనే అధికారి ఆ అరగంటకు వచ్చే ఆదివారమే ఆఖరు అని చెప్పేశాడు. ఆయనా తెలుగువాడే, గుంటూరు వైపు. సంస్థ తన శ్రోతల సర్వేకు సూరత్‌లో ఎంచుకున్న లింబాయత్ వార్డులో తెలుగు మాట్లాడేవారు సున్నా అని వచ్చిందట.

లింబాయత్‌లో సున్నా! కిరాణా కొట్టు ముందు నిలబడి "అవ్వా" అని ఒక్క కేక వేస్తే గల్లీలో సగం మంది ఆడవాళ్ళు వెనక్కి తిరిగే చోట సున్నా! కోపం రాక మరేం వస్తుంది?

ఈ దేశవాణి వ్యవహారం కూడా కొంచెం తెలియాలి. అది పాతకాలం ఉమ్మడి కుటుంబం. ఢిల్లీలో అత్తగారు, ముంబైలో ఆడపడుచు, అహ్మదాబాద్‌లో పెద్దకోడలు. సూరత్ కేంద్రం చిన్నకోడలు. పొయ్యి దగ్గర నిలబడేది ఈమె, ఏం వండాలో చెప్పేది వాళ్ళు. ఇన్నాళ్ళూ పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు సొంతంగా వండుకోనిచ్చేవారు. ఇప్పుడు కొత్త పథకం వచ్చింది. రాష్ట్రానికి ఒకే గొంతు, ఆ గొంతు రాజధాని కేంద్రంలో ఉంటుంది. చిన్న కేంద్రాలు దాన్ని అందుకుని చుట్టుపక్కలకు పంచితే చాలు. రాష్ట్ర భాష కాని మరో భాషలో కార్యక్రమం మిగలాలంటే, వినేవాళ్ళున్నారని సర్వే చెప్పాలి. సర్వే సున్నా అంది. అంతటితో మగ్గం ముచ్చట నోరు మూతపడాలి.

జమున ఆటో దిగి గల్లీలోకి వచ్చేసరికి ఇళ్ళ ముందు ఆడవాళ్ళు చీరలు ఒళ్ళో వేసుకుని లేసు కుడుతున్నారు. మార్కెట్ నుంచి గుట్టలుగా వస్తాయి ఆ చీరలు, కుట్టి సాయంత్రానికి తిరిగి పంపాలి. తల్లి గంగవ్వ గడప మీదే కూర్చుని ఉంది. ఆమె పక్కన తండ్రి ఆగయ్య సాసర్‌లో చాయ్ పోసుకుని తాగుతున్నాడు. జీవితమంతా పవర్‌లూముల మధ్య పనిచేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి ఆయన. ఎదుటివాళ్ళు అరిస్తే గాని వినపడదు. తనకు వినపడదు కాబట్టి లోకానికీ వినపడదని నమ్మకం. ఏం చెప్పినా గల్లీ చివరిదాకా చెబుతాడు.

"అవ్వా, రేడియో సర్వేవోళ్ళు మనింటికి వచ్చిన్రా?" చెప్పులైనా విప్పకుండా అడిగింది జమున.

గంగవ్వ పంటితో దారం కొరికింది. "ఏం సర్వేనో ఏమో. రోజుకొకటి వస్తది. దోమలదంటరు, నల్లాలదంటరు."

"రేడియోదవ్వా. ట్యాబు పట్టుకొని వచ్చింటరు."

"యాదికి లేదు బిడ్డా."

ఆగయ్యకు ఆ ‘ట్యాబు’ ఒక్కటి అందింది. "వచ్చింది గదనే, కండ్లద్దాల పిల్ల!" అన్నాడు, పక్క గల్లీకి కూడా చెబుతున్నట్టు. "నువ్వు రేడియోను చీరల కింద దాస్తివి గాదు? అది బందుగాక పాడుతనే ఉండె!"

గంగవ్వ కళ్ళతో చేసిన సైగలన్నీ వృథా అయ్యాయి. ఎదురింటి గుమ్మంలో ప్రమీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

జమున తల్లి ఎదురుగా కింద కూలబడింది. "ఏం జెప్పినవవ్వా గా పిల్లకు?"

"ఇంట్ల రేడియో ఉన్నదా అన్నది. లేదన్న."

"పాట వినబడ్తుంటె లేదన్నవా?"

"గదేం సప్పుడని అన్నది. మా ఆయన ఫోను మోగుతుందన్న. మరి ఎత్తవేందమ్మా అన్నది. అప్పులోళ్ళు గావచ్చు, ఎత్తనన్న. పాపం గా పిల్ల ఇంకేం అడగలే."

ఇంకోరోజు అయితే జమున పడీ పడీ నవ్వేది. "భాష? ఇంట్ల ఏ భాష మాట్లాడ్తరని అడిగిందా?"

గంగవ్వ సూదిలోకి దారం ఎక్కించే పనిలో పడింది.

"అవ్వా!"

"గుజరాతీ అన్న."

"నీకు ‘కేమ్ ఛో’ తప్ప గుజరాతీల ఇంకో ముక్క వస్తదానే?"

"‘మజామా’ గూడ వస్తది" అంది గంగవ్వ, ‘ఎలా ఉన్నారు’కు ‘బాగున్నాం’ అనే జవాబు కూడా తెలుసన్న పౌరుషంతో.

ప్రమీల గుమ్మం దాటి వచ్చింది. "మేం గూడ గదే జెప్పినం జమునా. గంగవ్వక్క ఒకటి జెప్పినంక మేమొకటి చెప్తే ఏం బాగుంటది? అందరం గుజరాతీ అనే అన్నం. ముత్యం అన్నయితే వాళ్ళ తాతలకాడికెల్లి సూరతే అన్నడు. మొన్న దసరాకు కోరుట్ల పోయి వచ్చినోడు!"

సంగతి ఇదన్నమాట. సర్వే తప్పు రాయలేదు, గల్లీ గల్లీ అంతా కూడబలుక్కుని తమను తామే చెరిపేసుకుంది. ఇంట్లో ఏమేం వస్తువులున్నాయో సర్కారుకు చెబితే రేషన్ కార్డు పోతుందని ఒక భయం. ఏ ఊరు, ఏ భాష అని ఆరా తీస్తే రేపు ఇంకేదో జాబితాలోంచి పేరు కొట్టేస్తారని మరో భయం. ఆదివారం మధ్యాహ్నం పొయ్యి మీద కూర మాడినా లేవకుండా మగ్గం ముచ్చట వినేవాళ్ళే, మా ఇంట్లో రేడియో లేదు, మాకు తెలుగు రాదు అని గవర్నమెంటు పిల్లకు చెప్పి పంపారు.

జమునకు ముందు ఒళ్ళు మండింది. తరువాత ఏడుపొచ్చింది. ఏడుపు రావడంతో కోపం ఇంకా పెరిగింది.

"ప్రతి ఆదివారం ‘లింబాయత్ అక్కలకు, అవ్వలకు’ అని మొదలువెడ్తి. ఎవలతోని మాట్లాడిన్నే నేను గిన్నేండ్లు? లేనోళ్ళతోనా? గోడలతోనా?"

గంగవ్వ చేతిలో చీర పక్కన పెట్టింది. "నువ్వు మైకుల మాట్లాడ్తవ్ బిడ్డా. అక్కడ నిన్ను ఎవలు ఎదురడగరు. దర్వాజ కాడ నిలబడి జవాబు చెప్పేది నేను."

జమున విసురుగా లేచి, మళ్ళీ ఆటో ఎక్కి స్టేషన్‌కు వెళ్ళిపోయింది.

స్టేషన్‌లో వరప్రసాద్ ఇంకా ఉన్నాడు. ఎదురుగా కార్యక్రమ అధికారి నాగభూషణం కూర్చుని ఉన్నాడు. నాగభూషణం గురించి మీకు తెలుసు. జమునకు తెలుగు మాట్లాడడం ఇంట్లో వచ్చింది, చదవడం మాత్రం ఆయన దగ్గరే వచ్చింది. మైకుకు ఎంత దూరంలో కూర్చోవాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పింది కూడా ఆయనే. బదిలీల ఉద్యోగంలో దేశమంతా తిరిగి చివరికి సూరత్‌లో స్థిరపడిన కాకినాడ మనిషి. రిటైర్మెంటు దగ్గర పడింది. తన సర్వీసులో అహ్మదాబాద్ అనుమతి లేకుండా ఒక్క వాక్యమైనా గాలిలోకి వదలలేదని గర్వంగా చెప్పుకుంటాడు.

"సార్, సర్వే అబద్ధం" అంది జమున, వరప్రసాద్‌తో.

ఆమె చెప్పిందంతా వరప్రసాద్ ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడు కాదు ఆయన. రూలు ఎటు నడిపిస్తే అటు నడిచే మనిషి, అంతే.

"అబద్ధం చెప్పింది సర్వే కాదమ్మా, మీవాళ్ళు" అన్నాడు. "వాళ్ళు లేమని చెబితే ఉన్నారని నేనెలా రాయను?"

"ఉన్నరని మీకు తెలుసు. ఒక్కసారి వచ్చి చూడుండ్రి."

"నాకు తెలిసి లాభం లేదు, జోనల్ ఆఫీసుకు తెలియాలి. ఒక దారుంది. జవాబు చెప్పినవాళ్ళే స్వయంగా నా ముందుకు వచ్చి, ముందు చెప్పింది తప్పు అని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అలా పెడితే ఆ వార్డులో సర్వే మళ్ళీ చేయించాల్సిందే. అది తేలేదాకా కార్యక్రమం ఆపడానికి వీల్లేదు. నేను ఆదివారం మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాను. ఈలోగా తీసుకురాగలరా?"

"తీసుకొస్త."

నాగభూషణం కుర్చీలో కదిలాడు. "ఎందుకమ్మా వాళ్ళను ఆఫీసుల చుట్టూ తిప్పడం? పాపం, భయస్థులు. పోనీ అరగంటే కదా. ఏదైనా మంచి ఇంటర్వ్యూ చేసి అహ్మదాబాద్‌కు పంపుదాం, వాళ్ళు వాడుకుంటే వాడుకుంటారు."

"వాడుకోకుంటే సార్?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. జమునకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. గురువు కాబట్టి మింగింది.

ఇంట్లో ఆ రెండు రోజులూ రణరంగమే. గంగవ్వ రానంది. సంతకం పెట్టి మరీ అబద్ధం ఆడానని ఒప్పుకుంటే జైల్లో వేస్తారని ఆమె వాదం. తాను వస్తానని ఆగయ్య ఊరంతా వినపడేలా ప్రకటించాడు గాని, సర్వేకు జవాబు చెప్పింది ఆయన కాదు కాబట్టి ఆయన సంతకం చెల్లదు. ప్రమీల, గంగవ్వక్క వస్తే వస్తానంది. ముత్యం, ప్రమీల వస్తే వస్తానన్నాడు. గల్లీ అంతా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వరసగా నిలబడింది, ఆ వరసకు ముందున్న గంగవ్వ మాత్రం కదలదు.

శనివారం మధ్యాహ్నం అన్నం తింటూ జమున చెప్పేసింది. "రాకుంటే రాకు. రేపు మైకు ముందర కూసోని ఉన్నదున్నట్టు జెప్త. లింబాయత్‌ల తెలుగోళ్ళు లేరట, మా అవ్వ గూడ గుజరాతీనేనట, ఇగ నేను ఎవలకు జెప్పాలె, సెలవు అని జెప్త. అహ్మదాబాద్ ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకున్నా సరే."

"నౌకరీ పోతది."

"పోనీ. దాంతోనే నా నోరు గూడ పోతుంటె నౌకరీ ఉండి ఏం జేస్కోవాలె?"

గంగవ్వ కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం జమున ఒంటరిగా బయల్దేరింది. సెలవు రోజు కాబట్టి స్టేషన్‌లో ఆఫీసు గదులన్నీ తాళం వేసి ఉన్నాయి. తెరిచి ఉన్నది స్టూడియో ఒక్కటే. వరప్రసాద్ తన పెట్టెతో సహా వచ్చి అక్కడే కూర్చున్నాడు. పక్కన నాగభూషణం. అద్దానికి అవతల కంట్రోల్ గదిలో ఇంజనీరు ఊర్మిళాబెన్ మీటర్లు సరిచూసుకుంటోంది. ఆవిడ వల్సాడ్ వైపు గుజరాతీ, తెలుగులో ఒక్క ముక్క రాదు. ప్రసారానికి ఇంకా కొంత సమయం ఉంది.

"రాలేదా?" అన్నాడు వరప్రసాద్. ఆ గొంతులో ఎగతాళి లేదు, కొంచెం జాలి ఉంది. అదే జమునకు ఎక్కువ మంట పెట్టింది.

అప్పుడే కారిడార్‌లో పెద్ద గొంతు వినబడింది. "గిదేనానే స్టూడియో? ఏసీ మస్తుగున్నది!" ఆగయ్య తప్ప ఇంకెవరు! ఆయన వెనక గంగవ్వ, ఆమె వెనక ప్రమీల, ముత్యం, ఇంకా సగం గల్లీ. గంగవ్వ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని ఉంది. కూతురి వైపు ఒకసారి చూసి, చెప్పులు తలుపు బయట విడిచి లోపలికి వచ్చింది.

జమున తల్లికి కుర్చీ జరిపింది. గంగవ్వ కూర్చోలేదు.

"నిలబడే జెప్త. సారూ, మీకు తెలుగొస్తదట గద?"

"వస్తుందమ్మా. చెప్పండి. ముందే ఒక మాట. మీరు సర్వేకు తప్పు సమాచారం ఇచ్చానని సంతకం పెడుతున్నారు. దానివల్ల మీకు ఏ ఇబ్బందీ రాదని నేను మాట ఇవ్వలేను. నా చేతిలో లేనిది నేను చెప్పకూడదు."

"ఇయ్యకుండ్రి. ఇచ్చినా నేను నమ్మ" అంది గంగవ్వ. "రాస్కోండ్రి. నా పేరు గంగవ్వ. ఈయన నా పెనిమిటి ఆగయ్య. మాది కోరుట్ల దగ్గర, పెండ్లయినంక సూరత్ వచ్చినం, మా పిల్ల ఇక్కడనే పుట్టింది. ఇంట్ల రేడియో ఉన్నది. ఆనాడు చీరల కింద దాసిన. మా భాష తెలుగు. గుజరాతీ అన్నది అబద్ధం."

ఊపిరి పీల్చుకుంది. ఇక ఆగలేదు.

"నా బిడ్డ అడిగింది సారూ, గిన్నేండ్లు ఎవలతోని మాట్లాడిన్నే అని. గా మాటకు నాకు రెండు రోజులు బువ్వ సయించలే. ఈ సూరత్ చీరలన్నిటికి లేసు కుట్టింది మేమే. ఈయన చెవులు ఈ ఊరికే ఇచ్చిండు. పన్జేయవట్టినప్పుడు మేమున్నం, లెక్కవెట్టినప్పుడు లేమా? గట్ల లేమని జెప్పింది గూడ నేనే, నా నోటితోనే. గందుకే నా నోటితోనే మర్లేసుకుంటున్న. రేషన్ కార్డు తీస్కపోతే తీస్కపోండ్రి. ఉన్నోళ్ళను లేరని మాత్రం ఇంకోసారి నేను జెప్ప."

"నేను గూడ జెప్ప!" అంది ప్రమీల వెనక నుంచి. "నాది గూడ తెలుగే, నా పేరు గూడ వెట్టుండ్రి."

"నాది కోరుట్లనే సారు, సూరత్ గాదు" అన్నాడు ముత్యం సిగ్గుపడుతూ.

వరప్రసాద్ తల వంచుకుని రాసుకున్నాడు. ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టారు, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. జమున గోడకు ఆనుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. తన తల్లిని ఇన్నేళ్ళూ భయస్థురాలు అనుకుంది. ఆ తల్లి ఇవాళ భయపడుతూనే వచ్చి, భయపడుతూనే అంత మాట అనేసింది. అక్కడికక్కడ ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది జమునకు.

వరప్రసాద్ కలం మూత పెట్టలేదు.

"ఒక్క ప్రశ్న మిగిలింది గంగవ్వగారూ. ఒకరిద్దరు అబద్ధం చెప్పారంటే అర్థం చేసుకుంటాను. గల్లీ అంతా ఒకే జవాబు ఎలా చెప్పింది? సర్వే ఏ రోజు ఎక్కడ జరిగేదీ అనౌన్సర్లకు కూడా చెప్పం. తెలిస్తే ‘మా కార్యక్రమం వింటామని చెప్పండి’ అని ముందే ప్రచారం చేసుకుంటారని. మీకు ముందే ఎవరైనా చెప్పారా?"

గంగవ్వ ముఖం మారింది. కొంగు సర్దుకుంది.

"లేదు సారూ. మాకు మేమే."

"నిజం చెప్పండి. ఎవరో ముందే చెప్పి జవాబులు నేర్పారంటే, రెండోసారి కూడా నేర్పవచ్చు అంటుంది పై ఆఫీసు. అప్పుడు ఈ సంతకాలన్నీ దండగ. మళ్ళీ సర్వేకు ఒప్పుకోరు."

"అవ్వా" అంది జమున. "ఎవలన్న వచ్చిన్రా? చెప్పు."

"మంచికే జెప్పిండు బిడ్డా ఆయన." గంగవ్వ గొంతు బాగా తగ్గింది. "మీ మేలు కోరి చెప్తున్న అన్నడు. ఎవలో వస్తరు, ఇంట్ల ఏమున్నదని అడుగుతరు, ఏ భాష అని అడుగుతరు, గుజరాతీ అనుండ్రి, ఏ గొడవ ఉండది అన్నడు. నిన్ను చదివిచ్చినాయన. ఆయన మాట మేమెట్ల కాదంటం?"

గదిలో ఎవరూ నాగభూషణం వైపు చూడలేదు. చూడాల్సిన పని లేకుండా ఆయనే లేచి నిలబడ్డాడు.

"నేనే" అన్నాడు.

‘పోనీ అరగంటే కదా’ అన్న మనిషి! ఆ అరగంటలో ఎలా ఊపిరి తీసుకోవాలో నేర్పిన మనిషి! "మీరా సార్? ఎందుకు?" అని అడిగింది జమున.

"నాగభూషణం గారూ, ఇది చాలా పెద్ద విషయం" అన్నాడు వరప్రసాద్. "ఎందుకు చేశారో మీరు రాతపూర్వకంగా..."

"రాసిస్తే అది మీ పెట్టెలో ముంబై వెళుతుంది. అక్కడి నుంచి ఢిల్లీ వెళుతుంది. అక్కడ అరలో పడుకుంటుంది. నేను ఈ సంస్థలో తల నెరిపించుకున్నానండీ, నాకు తెలియదా?" నాగభూషణం గొంతులో ఇంతకుముందు ఎవరూ వినని గరుకుదనం ఉంది. ఆయన నడిచి వెళ్ళి అనౌన్సర్ కుర్చీ పక్కన, అతిథులకు వేసే కుర్చీలో కూర్చున్నాడు. "ప్రసారానికి టైమయింది. జమునా, వచ్చి నీ సీట్లో కూర్చో. మైకు తెరువు."

"సార్, స్క్రిప్టు అనుమతి..." అలవాటుగా వచ్చేసింది ఆ మాట జమున నోటి నుంచి. ఆ అలవాటు నేర్పింది కూడా ఆయనే.

"అనుమతి లేదు. తెరువు."

"ఆపండి!" వరప్రసాద్ లేచాడు. "అనుమతి లేని మాట ఒక్కటి బయటికి వెళ్ళినా మీ పెన్షన్, ఈమె ఉద్యోగం రెండూ..."

జమున వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆయన మీద కోపం అలాగే ఉంది. ఆయన చేసిన దానికి క్షమించిందని కాదు. కానీ ఇన్నేళ్ళూ ఎక్కడో కూర్చున్నవాళ్ళు ఏది చెప్పమంటే అది చెప్పిన ఈ గదిలో, ఇవాళ తన తల్లి ఎవరూ చెప్పమనని మాట చెప్పింది. ఇక దీని తరువాత అనుమతి అనే మాటకు తలూపడం జమున వల్ల కాదు. మైకు తెరిచింది.

గోడ మీద ఎర్ర దీపం వెలిగింది.

స్టూడియోలో ఎర్ర దీపం వెలిగాక గట్టిగా తుమ్మినా అది సూరత్ అంతా వినపడుతుంది. ఎంత పెద్ద అధికారికైనా నోరు మూతపడాల్సిందే. సగం తెరిచిన నోటితో వరప్రసాద్ అలాగే నిలబడిపోయాడు. అద్దం వైపు తిరిగి, కట్ చెయ్యమని ఊర్మిళాబెన్‌కు చేత్తో సైగ చేశాడు. ఆవిడకు మాటలు తెలియవు, మీటరు ముల్లు మాత్రం చక్కగా ఆడుతోంది. పెద్దసారు మెచ్చుకుంటున్నాడనుకుని బొటనవేలు పైకెత్తి చూపించింది.

ఇక మిగిలింది తలుపు. కంట్రోల్ గదికి పోవాలంటే అదే దారి. వరప్రసాద్ పిల్లిలా అటు అడుగు వేశాడు. గంగవ్వ ఆయన కంటే ముందే అక్కడికి చేరి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె పక్కకు ప్రమీల వచ్చింది. తరువాత ముత్యం, తరువాత మిగిలినవాళ్ళు. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఆయన మీద చెయ్యి వెయ్యలేదు. ఆగయ్య సైతం జీవితంలో మొదటిసారి చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాడు.

"లింబాయత్ అక్కలకు, అవ్వలకు, పల్సానా అన్నలకు, కామ్‌రేజ్ తమ్ముళ్ళకు నమస్కారం" అంది జమున. "ఇయ్యాల పాటలు లేవు. మా నాగభూషణం సార్ మీతోని ఒక ముచ్చట చెప్తరట. పనులు పక్కకు వెట్టి వినుండ్రి."

మైకు ఆయన వైపు జరిపింది. నాగభూషణం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నమస్కారం. లింబాయత్‌లో తెలుగువాళ్ళు లేరని మీ చేత చెప్పించింది నేను. మీ మంచి కోసమని చెప్పాను. అది అబద్ధం. నేను భయపడ్డాను. సర్వేకు వారం ముందు నాకు ఒక ఫోను వచ్చింది. అహ్మదాబాద్ నుంచి కాదు, ముంబై నుంచి కాదు. ఢిల్లీలో మా సంస్థ పెద్దల గదిలోంచి. సూరత్‌లో తెలుగు సున్నా రావాలి, అలా వస్తే నీ రిటైర్మెంటుకు ఏ అడ్డూ ఉండదు అన్నారు. సూరత్ ఒక్కటే కాదు, ఇలాంటి ఊళ్ళు ఇంకా ఉన్నాయన్నారు."

తలుపు ముందు నిలబడ్డ వరప్రసాద్ మెల్లగా వెనక్కి తిరిగాడు. ఈ సంగతి ఆయనకు తెలియదని ఆ ముఖం చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. ఆయన వచ్చి, చప్పుడు కాకుండా, తన పెట్టె మీదే కూర్చున్నాడు.

కారిడార్‌లో డ్యూటీ గది ఫోను మోగడం మొదలైంది. వినేవాళ్ళు లేరన్న అరగంటను అహ్మదాబాద్ కేంద్రంలో కూడా ఎవరో లైను మీద వింటున్నారు.

నాగభూషణం మైకుకు ఇంకొంచెం దగ్గరగా జరిగాడు.

"ఫోను చేసిన ఆయనకు మన భాష బాగా వచ్చు. నాతో తెలుగులోనే మాట్లాడాడు. ఇప్పుడు ఆయన పేరు చెబుతాను."